గేటు దగ్గరి పొడి చెత్త డబ్బాను ఎవరూ కెలక్కుండా చూసుకోవడం ఎలా

డబ్బాకి తాళం వేయడం అన్నిటికన్నా ఆఖరున ఆలోచించాల్సిన పని. మనిషి కానీ, కుక్క కానీ, కోతి కానీ, మీ పొడి చెత్త దగ్గరికి వచ్చేది మూడింటిలో ఏదో ఒకదాని కోసమే: అమ్ముడుపోయే సరుకు, తిండి వాసన, మీ వివరాలున్న కాగితం. మూడోదాని కోసం వచ్చేవాళ్లు బాగా అరుదు, కానీ నష్టం దానితోనే ఎక్కువ. ఈ మూడూ డబ్బాలో పడకుండా ఇంట్లోనే ఆపగలిగితే మామూలు మూత, ఒక రబ్బరు పట్టీ చాలు. ఆపకపోతే ఎంత గట్టి తాళం వేసినా సంచిని పక్కనుంచి కోస్తారు, లేదా డబ్బానే బోర్లిస్తారు.

హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో వాటికి ఎరుపు డబ్బా కూడా తోడైంది. ఆకుపచ్చ తడి చెత్తకి, నీలం పొడి చెత్తకి, ఎరుపు ప్రమాదకరమైన వాటికి. ఇక్కడ చెప్పేదంతా ఆ నీలం డబ్బా గురించి. అది లేక బియ్యం సంచిలోనో పాత బకెట్‌లోనో వేస్తున్నా పద్ధతి అదే.

ముందు వచ్చేదెవరో తేల్చుకోండి

చిందిన చెత్తను ఊడ్చేసే ముందు ఒక్క నిమిషం దాన్ని చూడండి. ఎవరొచ్చారో అదే చెబుతుంది.

ముడి విప్పి ఉండి, లేదా సంచి పైభాగంలో ఒకే గాటు ఉండి, బాటిళ్లు, అట్టలు, డబ్బాలు మాయమై, చిప్స్ కవర్లు, పలచటి క్యారీ బ్యాగులు మాత్రం మిగిలితే వచ్చింది మనిషి. అమ్ముడుపోయేది తీసుకుని పోనిది వదిలేశారన్నమాట. సంచి కింది భాగం పీలికలై, చెత్త నాలుగైదు గజాల దూరం ఈడ్చుకుపోయి ఉండి, పార్సిల్ డబ్బాలు, మాంసం కవర్లు నాకినట్టు కనిపిస్తే కుక్కలు. డబ్బా బోర్లాపడి, సంచి ప్రహరీ మీదనో సన్‌షేడ్ మీదనో దొరికితే కోతులు. అడుగున రూపాయి బిళ్లంత కన్నం, దాని చుట్టూ ప్లాస్టిక్ పొట్టు ఉంటే ఎలుకలు. కన్నం పిడికిలంత ఉంటే పందికొక్కులు. ఆవులు సంచిని చింపవు, సంచితో సహా నమిలేస్తాయి. కనుక సంచి సగమే మిగిలితే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ ప్లాస్టిక్ పశువు కడుపులో పేరుకుపోయి ప్రాణం తీస్తుంది.

చాలా ఇళ్ల దగ్గర రెండు రకాలూ కలిసి జరుగుతాయి. రాత్రి కుక్క చింపుతుంది, తెల్లారుజామున మనిషి ఏరుకుంటారు, నింద మొత్తం ఆ మనిషి మీద పడుతుంది. అందుకే చూసి తేల్చుకోమనేది.

మొదటి మెట్టు: విలువైనదాన్ని డబ్బాలో వేయకండి

మనుషులు కెలికే బెడదకు ఇంతకన్నా మంచి మందు లేదు. పాతిక కిలోల బియ్యం సంచి ఒకటి వంటగది బయటో బాల్కనీలోనో పెట్టండి. పాత సామాన్ల కొట్టులో తూకానికి పోయేవన్నీ అందులోకి, మిగతావి నీలం డబ్బాలోకి. నలుగురున్న ఇంట్లో ఆ సంచి నిండడానికి సాధారణంగా పది నుంచి పదిహేను రోజులు పడుతుంది.

ఆ సంచిలోకి వెళ్లాల్సినవి: నీళ్లు, కూల్‌డ్రింకుల బాటిళ్లు, షాంపూ, డిటర్జెంట్ లాంటి గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు, కూల్‌డ్రింకు టిన్నులు, ఇనుప, స్టీలు ముక్కలు, తెగిన వైర్లు. వార్తాపత్రికలు, అట్టపెట్టెలు మాత్రం సంచిలో కుక్కకుండా పక్కన కట్టగా పెట్టండి. పత్రికలు మడత చెడకుండా ఉంటే ధర ఎక్కువ పలుకుతుంది, ఎందుకంటే వాటిని పొట్లాలకీ ప్యాకింగుకీ అలాగే వాడతారు. అట్టపెట్టెకి టేపు పీకి, అడుగు విప్పి, పలకగా మడిస్తే పదోవంతు చోటులో ఇమిడిపోతుంది. అట్ట తడిస్తే కొట్టువాడు తూకంలో కోత పెడతాడు, లేదా వద్దంటాడు. కాబట్టి వానాకాలంలో కట్టను నేల మీద పెట్టొద్దు.

నీళ్ల బాటిల్‌ను మూత తీసి, మెలితిప్పి నలిపి, మూత మళ్లీ బిగించండి. చోటు కలిసి రావడం ఒక లాభం. నలిగిన బాటిల్‌లో మళ్లీ నీళ్లు నింపి అమ్మలేకపోవడం ఇంకా పెద్ద లాభం. మద్యం సీసాలు, సెంటు సీసాలు, ఖరీదైన క్రీముల డబ్బాలు కూడా నకిలీ సరుకు నింపేవాళ్లకి పనికొస్తాయి. లేబుల్‌ను నీళ్లలో నానబెట్టి గీకేయండి, మూతను విడిగా పడేయండి, క్రీము డబ్బాకి మేకుతో రెండు కన్నాలు పొడవండి. సీసాలను పగలగొట్టొద్దు. పగిలిన సీసాకి ధర పోతుంది, ఎవరి చెయ్యో తెగుతుంది.

ఇప్పుడు అసలు పని. ఆ సంచిని ఎవరికివ్వాలో ముందే నిర్ణయించుకోండి, ఇచ్చినప్పుడు చేతికే ఇవ్వండి. తోపుడుబండి మీద వచ్చే పాత సామాన్లాయన కావచ్చు, మీ వీధిలో రోజూ ఏరుకునే ఆమె కావచ్చు, చెత్త బండివాళ్లు కావచ్చు. ఏరుకునేవాళ్లతో మాట్లాడటానికి చాలామంది జంకుతారు. నాలుగు మాటలు చాలు: "అమ్మా, ఆదివారం ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వచ్చి గేటు కొట్టండి. బాటిళ్లు, అట్టలు విడిగా కట్టి ఉంచుతాను, మీకే ఇస్తాను. బయట పెట్టిన సంచులు మాత్రం విప్పొద్దు." అంతే. ఆ మాట మీరు నిలబెట్టుకుంటే ఆమె నిలబెట్టుకుంటుంది, పైగా కొత్తగా వచ్చేవాళ్లకి ఈ గేటు దగ్గర ఏమీ ఉండదని ఆమే చెబుతుంది. ఒక వారం ఇచ్చి రెండు వారాలు మరిచిపోతే మాత్రం మళ్లీ డబ్బాలో వెతుకులాట మొదలవుతుంది. మీరు ఊళ్లో లేని వారం పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలాచోట్ల చెత్త బండి మీద పనిచేసేవాళ్లకి నెలనెలా ఇళ్లవాళ్లిచ్చే డబ్బుతో పాటు పొడి చెత్త అమ్మితే వచ్చేది కూడా బతుకుదెరువే. మీరు బాటిళ్లన్నీ వేరేవాళ్లకిస్తే వాళ్ల రాబడి తగ్గుతుంది. ఒక నెల సంచి ఒకరికి, మరో నెల ఇంకొకరికి ఇవ్వొచ్చు. లేదా పత్రికలు, ఇనుము మీరు అమ్ముకుని, ప్లాస్టిక్, అట్టలు బండివాళ్లకే వదిలేయొచ్చు. ఏదైనా ముందే చెప్పి చేస్తే గొడవ రాదు.

చెత్త ఏరుకునేవాళ్లను తరిమేయమనే సలహా ఎక్కడైనా వింటే పట్టించుకోకండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాళ్లను పనివాళ్లుగా గుర్తించాయి, సేకరణ వ్యవస్థలో చేర్చుకోవాలని మునిసిపాలిటీలకు చెప్పాయి. పుణెలో స్వచ్ఛ్ అనే వాళ్ల సహకార సంఘమే ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటుంది. మన ఊళ్లలో ఒక బాటిల్ మళ్లీ బాటిలో దారమో అవుతోందంటే అందులో వాళ్ల చేతి కష్టమే ఎక్కువ. ఆపాల్సింది చిందరవందరను, మనుషులను కాదు.

రెండో మెట్టు: వాసన తీసేయండి

కుక్క ముక్కుకి అందేది సంచిలోని ఒక్క పార్సిల్ కవరు. బిర్యానీ డబ్బా, చికెన్ కవరు, పెరుగు కప్పు, పాల ప్యాకెట్, నూనె ప్యాకెట్: ఈ అయిదే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించి పడేయకండి. గాటు పెట్టి, ఆ ముక్క ప్యాకెట్‌కే వేలాడేలా ఉంచండి. చిన్న ముక్కలను ఎవరూ ఏరరు, అవి మురుగు కాలువలోకే పోతాయి. పాలు పోశాక పావు గ్లాసు నీళ్లు పోసి గిలకరించి, ఆ నీళ్లు మొక్కకి పోసి, ప్యాకెట్‌ను పక్కనుంచి చీల్చి, లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి క్లిప్పుతో తీగ మీద ఆరేయండి. తిప్పకపోతే లోపలి తడి రెండు రోజులైనా ఆరదు, వాసన అందులోనే ఉండిపోతుంది. పార్సిల్ డబ్బాలను గిన్నెలు తోమిన ఆఖరి నీళ్లతో కడిగితే చాలు, దీనికోసం మంచినీళ్లు వృథా చేయక్కర్లేదు. నూనె ప్యాకెట్‌లో ఒక చెంచా శనగపిండి వేసి రుద్ది దులిపితే జిడ్డు పిండికి పడుతుంది. ఆ పిండి తడి చెత్తలోకి.

చికెన్, చేపల కవర్ల విషయం వేరు. కడిగినా నీచు వాసన పోదు. వాటిని కడిగి, ముడిచి, బండి వచ్చే రోజు వరకు ఫ్రీజర్ మూలలో పెట్టడమే నమ్మకమైన దారి. అది ఇష్టం లేకపోతే స్టీలు డబ్బా తీసుకెళ్లి మాంసం అందులో కొట్టించుకోండి, కవరే ఇంటికి రాదు. మాంసం తెచ్చేది ఆదివారం, మీ వీధికి బండి వచ్చేది మంగళవారం అయితే ఈ ఒక్క మార్పుతోనే కుక్కల బెడద సగం పోతుంది.

టిష్యూలు, టీ బ్యాగులు, తిండి అంటిన కాగితపు ప్లేట్లు పొడి చెత్త కాదు. అవి తడి చెత్తలోకి. ప్లేటుకి లోపల మెరిసే ప్లాస్టిక్ పొర ఉంటే మాత్రం కడిగి పొడిలో వేయండి.

మూడో మెట్టు: మీ పేరు, నంబరు చెత్తలోకి పోనివ్వకండి

ఇక్కడ కాస్త ఓపిక పెట్టండి. కొరియర్ కవరు మీద పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు, ఏం కొన్నారో కూడా ఉండొచ్చు. "మీరు ఫలానా ఆర్డర్ పెట్టారు కదా, లక్కీ డ్రాలో గెలిచారు" అని ఫోన్ చేయడానికి మోసగాడికి ఇంతకన్నా ఏం కావాలి?

లేబుల్‌ను ముందు గోటితో గట్టిగా గీరి చూడండి. నల్లటి గీత పడితే అది వేడికి మారే థర్మల్ కాగితం. అట్టపెట్టె మీద ఉంటే పైన పల్చటి గుడ్డ వేసి, వేడి ఇస్త్రీ పెట్టెను కొన్ని సెకన్లు ఆనించండి. లేబుల్ మొత్తం నల్లబడి అక్షరాలు కలిసిపోతాయి. ప్లాస్టిక్ కవరు మీద ఉంటే ఈ పని చేయకండి, కవరు కరిగి ఇస్త్రీ పెట్టెకి అంటుకుంటుంది. అప్పుడు లేబుల్ ఉన్న భాగాన్ని కత్తెరతో కోసి, ఫోను నంబరు, బార్‌కోడు, క్యూఆర్ కోడు మధ్యగా ముక్కలు చేయండి. పెన్నుతో కొట్టేస్తే సరిపోదు. వెలుతురుకి అడ్డంగా పెడితే కింది అక్షరాలు కనిపిస్తాయి.

ఆధార్ జిరాక్సులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు, బీమా కాగితాలు, వైద్య పరీక్షల రిపోర్టులు, పాడైన చెక్కులు చింపే యంత్రంలోకి వెళ్లాలి. కొనేటప్పుడు అడ్డంగా నిలువుగా రెండు వైపులా కోసేదే చూడండి. ముక్క 4 మిల్లీమీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల పొడవుకి మించకుండా ఉంటే ఇంటికి సరిపోతుంది. పొడవాటి రిబ్బన్లుగా కోసే చవక యంత్రాల ముక్కలను ఓపిక ఉన్నవాళ్లు పక్కపక్కన పేర్చి చదవగలరు. యంత్రం లేకపోతే కాగితాలను చేత్తో నాలుగైదు ముక్కలు చేసి, బకెట్ నీళ్లలో చెంచాడు బట్టల సబ్బు పొడి కలిపి ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు పిసికి ముద్ద చేయండి. లేజర్ ప్రింటరు అక్షరాలు నీళ్లలో కరగవు గానీ కాగితమే గుజ్జైపోతుంది. లామినేషన్ చేసినవి నానవు, వాటిని కత్తిరించాల్సిందే.

అన్ని కాగితాలూ ముక్కలు చేయకండి. కాగితం ఎంత చిన్న ముక్కయితే తిరిగి కాగితం చేయడానికి అంత తక్కువ పనికొస్తుంది, కొట్టువాడు కొనడు. వివరాలున్న సగాన్నే కోసి, మిగతాది కట్టలో పెట్టండి. కోసిన ముక్కలు ఎండుటాకుల బదులు కంపోస్టులోకి బాగా పనికొస్తాయి, ఏటీఎం స్లిప్పులు, షాపు బిల్లులు తప్ప. ఆ బిల్లుల కాగితానికి రసాయనపు పూత ఉంటుంది, మొక్కల మట్టిలో వేయొద్దు. కాగితాలను గేటు ముందు తగలబెట్టడం కూడా వద్దు, చెత్త కాల్చడాన్ని నిబంధనలు నిషేధించాయి.

గడువు తీరిన ఏటీఎం కార్డును చిప్పు మధ్యగా, నల్లటి పట్టీ మీదుగా, నంబరు మీదుగా కనీసం ఆరు ముక్కలు చేసి, సగం ఈ వారం, సగం వచ్చే వారం పడేయండి. పాత ఫోనును డబ్బాలో వేయకండి. ఖాతాలన్నిటి నుంచి బయటికొచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ము, మెమరీ కార్డు తీసి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ బాధ్యతలో తయారీదారులకూ వాటా ఉంది. ఇకమీదట ఆధార్ నకలు ఎవరికైనా ఇవ్వాల్సివస్తే ఆఖరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఇంట్లో పేరుకునే జిరాక్సుల ప్రమాదం దానితోనే చాలా తగ్గుతుంది. ఇంత జాగ్రత్త పడ్డా ఎవరైనా మీ వివరాలతో డబ్బు లాగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

నాలుగో మెట్టు: చెయ్యి పెట్టినవాళ్లకి గాయం కాకుండా

ఎంత జాగ్రత్తపడ్డా మీ సంచిలో ఏదో ఒక చెయ్యి పడుతుంది, కనీసం బండి మీద వేరుచేసే మనిషిది. వాళ్లలో చాలామందికి చేతులకి తొడుగులుండవు.

ఇన్సులిన్ సూదులను మందపాటి గోడలున్న, మూత బిగిసే డబ్బాలో వేయండి. బట్టలుతికే ద్రవం వచ్చే డబ్బా బాగుంటుంది, నీళ్ల బాటిల్ పనికిరాదు, సూది దాన్ని పొడిచేసుకుని బయటికొస్తుంది. సూదికి మళ్లీ తొడుగు పెట్టబోయి గుచ్చుకోకండి, అలాగే జారవిడవండి. ముప్పావు వంతు నిండగానే మూతకి టేపు చుట్టి, మార్కరుతో "సూదులు" అని పెద్దగా రాసి, మీరు పరీక్షలు చేయించుకునే ల్యాబులోనో ఆసుపత్రిలోనో తీసుకుంటారేమో అడిగి ఇవ్వండి. లేదంటే ప్రమాదకరమైన చెత్తగా బండివాళ్లకి చెప్పి చేతికివ్వండి. పగిలిన గాజును నాలుగు పొరల పత్రికలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. బ్లేళ్లను పాత టిన్నులో వేసి నోరు నొక్కేయండి.

వాడిన శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పత్రికలో చుట్టి, పైన ఎర్ర ఇంటూ గుర్తు వేసి వేరే కవరులో పెట్టండి. గుర్తు ఉంటే ఎవరూ విప్పి చూడరు. గుర్తు లేని పొట్లాన్ని ఏముందోనని విప్పుతారు. ఇది వాళ్ల ఆరోగ్యం, మీ వీధి శుభ్రత రెండింటి సంగతీ.

గడువు తీరిన మాత్రలను నిండు స్ట్రిప్పుగా పడేయకండి, ఎవరో ఏరి వాడే ప్రమాదం ఉంది. ప్రతి మాత్ర గుంటనూ కత్తెరతో అడ్డంగా కోసి, విడి కవరులో కట్టి, ప్రమాదకరమైన వాటితో ఇవ్వండి. ఫోను బ్యాటరీలు, పవర్ బ్యాంకుల కొసలకి టేపు అతికించి విడిగా ఇవ్వాలి. బండిలో నలిగినప్పుడు అవి నిప్పంటుకుంటాయి.

అయిదో మెట్టు: సంచి, డబ్బా, మూత

నల్ల కవరు వాడకండి. లోపల ఏముందో కనిపించని ముడికట్టిన సంచినే చింపుతారు. కనిపించే సంచిలో చిప్స్ కవర్లు, పలచటి ప్లాస్టిక్ మాత్రమే ఉన్నాయని తెలిస్తే చెయ్యి పెట్టకుండా వెళ్లిపోతారు. డబ్బాలో అసలు సంచే లేకుండా పొడి చెత్తను నేరుగా వేయొచ్చు, కడిగి ఆరినవే కదా. సంచి కావాలంటే ఉల్లిపాయలు వచ్చే జాలీ సంచి సరిపోతుంది. ముడి వేయకుండా నోరు రెండు మడతలు మడవండి.

డబ్బా 25 నుంచి 40 లీటర్లు, రెండు వైపులా చేతిపట్టు, అంచు దిగేలా మూత ఉండాలి. పైన ఊరికే ఆనే మూత కుక్క ముక్కుకే లేస్తుంది. దానికి పాత సైకిల్ ట్యూబు పట్టీ కట్టండి. ఒక చేతిపట్టు నుంచి మూత మీదుగా రెండో చేతిపట్టు దాకా కొలవండి. ఆ కొలతలో నాలుగింట మూడు వంతులు తీసుకుని, ముడులకు 10 సెంటీమీటర్లు కలిపి ట్యూబు కోయండి. కొలత 56 సెంటీమీటర్లయితే 42కి 10 కలిపి 52 అన్నమాట. ఒక కొస చేతిపట్టుకి గట్టిగా ముడి వేసి, రెండో కొసకి ఇనుప కొక్కెం కట్టి తగిలించండి. బండి మనిషి ఒక్క చేత్తో తీయగలగాలి, అది ముఖ్యం. తాళంకప్ప వేస్తే అతను డబ్బాను ముట్టకుండానే ముందుకు వెళ్లిపోతాడు, చెత్త మరో రెండు రోజులు నిలిచి ఇంకా ఎక్కువమందిని పిలుస్తుంది. తాళం తప్పదనుకుంటే నంబరు తిప్పే తాళం పెట్టి నంబరు అతనికి చెప్పండి.

డబ్బాను గేటు లోపలి వైపు, ప్రహరీకి కొక్కేల మీద, అడుగు నేల నుంచి మూడడుగులు ఎత్తులో వేలాడదీస్తే కుక్కలకి అందదు. గోడలో 8 మిల్లీమీటర్ల కన్నాలు వేసి ప్లగ్గులు దిగ్గొట్టి కొక్కేలు బిగించండి, ఉత్త మేకులు నెల తిరక్కుండా వదులవుతాయి. నేల మీదే పెట్టాల్సివస్తే రెండు ఇటుకల మీద పెట్టి, అడుగున ఒక ఇటుకముక్క బరువు వేయండి.

కోతులకి ఎత్తు, రబ్బరు పట్టీ రెండూ లెక్క కావు. పట్టీ లాగడం ఒక్కసారి నేర్చుకుంటే చాలు, మంద మొత్తం నేర్చుకుంటుంది. ఆ ఊళ్లలో వెల్డింగ్ షాపులో యాంగిల్ ముక్కలతో రెండడుగుల చదరం, మూడడుగుల ఎత్తు పెట్టె చేయించి, జాలీ బిగించి, పక్కకి జరిగే గడియ పెట్టించండి. జాలీ కన్ను పావంగుళానికి మించకూడదు, అప్పుడు ఎలుకలు కూడా దూరవు. పైన రేకు వేస్తే అట్టలు తడవవు.

ఆరో మెట్టు: వేళ

రాత్రి బయట పెట్టిన సంచి పొద్దుటికి చిరుగుతుంది. బండి పాటో విజిలో వినిపించాక తీసుకెళ్లగలిగితే అదే మేలు. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేవాళ్లు వెళ్లేముందు గేటు లోపల కొక్కేనికి తగిలించి, గేటు సందులోంచి చెయ్యి అందేలా చూసుకోండి. బండి రోజూ రాని వీధుల్లో పొడి చెత్తను రోజూ బయట పెట్టాల్సిన అవసరమే లేదు. కడిగి ఆరినదానికి వాసన ఉండదు, రెండు వారాలు ఇంట్లో ఉన్నా నష్టం లేదు. వారానికి ఒక రోజు పెట్టుకోండి. తడి చెత్తను మాత్రం పొడి డబ్బా పక్కన పెట్టకండి. దాని కోసం వచ్చిన కుక్క దీన్నీ చింపుతుంది.

అపార్ట్‌మెంట్లలో

సెల్లార్‌లో అందరి డబ్బాలూ తెరిచి పెట్టిన చోటే సమస్య. జాలీ తలుపున్న చిన్న గది, లోపల 120 లీటర్ల చక్రాల డబ్బాలు, తలుపు తాళంచెవి ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి బండివాళ్ల దగ్గర. పత్రికలు, అట్టలు అమ్మిన డబ్బు ఎవరిదన్నది సంఘం సమావేశంలోనే తేల్చి రాసుకోండి. చాలాచోట్ల అది వాచ్‌మన్ కుటుంబానికి వచ్చే రాబడి. దాన్ని అలాగే ఉంచితే ఆ గదిని ఆయనే కంటికి రెప్పలా చూసుకుంటాడు, సంఘానికి లాక్కుంటే తలుపు తెరిచే ఉంటుంది. కొరియర్ లేబుళ్లు చింపడానికి లిఫ్టు దగ్గర ఒక కత్తెరను దారంతో కట్టి వేలాడదీయండి. కళ్లెదుట ఉంటే జనం వాడతారు.

చేయకూడనివి

గేటుకి నీలం నీళ్ల సీసాలు, ఎర్ర నీళ్ల సీసాలు కడితే కుక్కలు రావని చాలా వీధుల్లో నమ్ముతారు. వాటి పక్కనే కుక్కలు పడుకోవడం మీరూ చూసే ఉంటారు. కారం చల్లితే బండి మనిషి కళ్లలో పడుతుంది. ఫినాయిలు పోస్తే కాగితం పాడవుతుంది, గంటకి వాసన పోతుంది. ఎలుకల మందు కలపడం, గాజు పెంకులు వేయడం, తీగకి కరెంటు పెట్టడం నేరాలు, వాటితో ప్రాణం పోవచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకి

కాలిఫోర్నియాలో ఖాళీ బాటిల్, టిన్ను తిరిగిస్తే కొన్నప్పుడు కట్టిన డిపాజిట్ తిరిగి వస్తుంది: 24 ఔన్సుల లోపు వాటికి 5 సెంట్లు, 24 ఔన్సులు, ఆపైన వాటికి 10 సెంట్లు. మిషిగన్, ఒరెగాన్‌లలో 10 సెంట్లు. వీధి చివర నీలం డబ్బాలను ముందురోజు రాత్రి వెతికేది ఆ సెంట్ల కోసమే. అక్కడ కూడా మందు ఒకటే: డిపాజిట్ ఉన్నవాటిని గరాజ్‌లో వేరే సంచిలో కూడబెట్టి మీరే ఇచ్చి రండి, లేదా ఏరుకునే మనిషికి చేతికివ్వండి. డబ్బాను ముందురోజు రాత్రి కాక, మీ ఊరి నియమం అనుమతిస్తే తెల్లవారాక బయటికి తోయండి. కాగితాల విషయంలో అక్కడ ఇంకా జాగ్రత్త అవసరం. 1988లో కాలిఫోర్నియా వర్సెస్ గ్రీన్‌వుడ్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు, వీధిలో పెట్టిన చెత్తను పోలీసులు వారెంటు లేకుండా వెతకవచ్చని తీర్పు చెప్పింది. డబ్బాలో చెయ్యి పెట్టడాన్ని చాలా నగరాల నియమాలు నిషేధిస్తాయి, కానీ మీ కాగితం అందులో ఉండకపోవడమే ఆ నియమాలకన్నా గట్టి కాపలా. వీసా పత్రాల నకళ్లు, సోషల్ సెక్యూరిటీ నంబరున్న పన్ను కాగితాలు, ముందే మంజూరైనట్టు పోస్టులో వచ్చే క్రెడిట్ కార్డు ఉత్తరాలు: ఈ మూడింటినీ చింపే యంత్రంలో వేశాకే నీలం డబ్బా మూత ఎత్తండి.